సర్కారు బాకీకి పిల్ల సర్టిఫికెట్లు ఆపొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. బీసీలం. రెండెకరాల పత్తి చేను ఉంది, మిగతా రోజులు కూలికి పోతాం. మా పెద్దమ్మాయి హైదరాబాద్ పక్కన ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఈసీఈ పూర్తి చేసింది. కన్వీనర్ కోటా సీటే. ఎంసెట్ ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి ఫీజులో ఏటా 35,000 సర్కారు ఇస్తుంది, మిగతాది మీరు కట్టుకోవాలన్నారు. ఆ మిగతాది నాలుగేళ్లూ కట్టాం. ఇప్పుడు మూడో ఏడు, నాలుగో ఏడు రీయింబర్స్‌మెంట్ సర్కారు నుంచి రాలేదని, మొత్తం 96,000 కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని ఆఫీసులో అంటున్నారు. చేరేటప్పుడు మా ఆయన చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అదీ చూపిస్తున్నారు. పాపకు ఉద్యోగం వచ్చింది. ఐదు వారాల్లో ఒరిజినల్స్ తీసుకొని వెళ్లి చేరాలి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తెచ్చి కట్టేయమంటారా? మా చిన్నోడు జెడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదువుతున్నాడు. వాడిని కూడా ఈ పథకాలను నమ్ముకొని చదివించాలా అని మా ఆయన అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం: అమ్మా, ఇంకా అప్పు తేలేదు కదా. తేకండి. కనీసం రెండు వారాలు ఆగండి. 96,000 మీద నూటికి మూడు రూపాయలంటే నెలకు 2,880, ఏడాదికి 34,560 వడ్డీకే పోతుంది. అంటే సర్కారు మీ పాపకు ఒక ఏడాదికి ఇస్తానన్న సొమ్మంత. ఆ అప్పు చేసే ముందు కాలేజీ చేత రాతపూర్వకంగా సమాధానం చెప్పించాలి. ఇప్పటివరకు మీతో అంతా నోటిమాటే నడిచింది. నోటిమాటకు మీరు ఎవరి దగ్గరా నిలదీయలేరు.

మొదట ఆ 96,000 అంకెను విడదీద్దాం. ఏడాదికి 35,000 చొప్పున రెండేళ్లకు 70,000. ఇది సర్కారు కాలేజీకి ఇవ్వాల్సింది. మరి మిగతా 26,000 ఏమిటి? మీ ఉత్తరంలో దాని లెక్క లేదు. మీకూ ఎవరూ చెప్పి ఉండరు. బస్సు ఫీజు కావచ్చు, ప్లేస్‌మెంట్ శిక్షణ పేరు మీద కావచ్చు, అటెండెన్స్ తగ్గితే కట్టే కండోనేషన్ కావచ్చు. అసలు లెక్కే లేకపోవచ్చు కూడా. తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజును అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేస్తుంది. ఆ అంకె దాటి ట్యూషన్ ఫీజు అడిగే హక్కు కాలేజీకి లేదు. మీ పాప చేరిన ఏడాది ఆ కాలేజీకి ఎంత ఖరారైందో చూసుకొని, మీరు కట్టిన రసీదులన్నీ పక్కన పెట్టుకుంటే, మీ వాటా నిజంగా పూర్తయిందో లేదో మీకే తేలుతుంది. ఒకవేళ మీ వాటాలో కొంత బాకీ ఉంటే అది కట్టాల్సిందే. అందులో వాదన లేదు. కానీ మీ బాకీ వేరు, సర్కారు బాకీ వేరు. ఆఫీసులో ఆ రెంటినీ కలిపి ఒకే అంకె చెబుతున్నారు కాబట్టే మీరు భయపడుతున్నారు.

ఈ రోజే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. పాపను ఈ-పాస్ వెబ్‌సైటులో (స్కాలర్‌షిప్, రీయింబర్స్‌మెంట్ దరఖాస్తులు పెట్టే సర్కారు వెబ్‌సైటు) తన అప్లికేషన్ స్టేటస్ చూడమనండి. అప్లికేషన్ నంబరు, టెన్త్ హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ ఉంటే చాలు. మూడో ఏడుకు ఒకటి, నాలుగో ఏడుకు ఒకటి, రెండూ విడివిడిగా చూడాలి. ఎందుకంటే ఆ ఒక్క స్క్రీన్ మీద ఏముందో దాన్ని బట్టి మీ దారి మారిపోతుంది. మంజూరైంది, బిల్లు ట్రెజరీకి వెళ్లింది, డబ్బు మాత్రం విడుదల కాలేదు అని ఉంటే అది పూర్తిగా సర్కారు బాకీ. మీ తప్పు ఇసుమంత కూడా లేదు. అలా కాక కాలేజీ దగ్గరే ఆగిపోయిందనో, బయోమెట్రిక్ కాలేదనో, రెన్యువల్ చేయలేదనో, రిజెక్ట్ అయిందనో ఉంటే సంగతి వేరు. రెన్యువల్ దరఖాస్తు ఏటా పెట్టాలి. 75 శాతం హాజరు ఉండాలి. ఆదాయ పరిమితి బీసీలకు పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. వీటిలో ఏదో ఒకటి తప్పి దరఖాస్తు ఆగితే, ఎంతకాలం ఎదురుచూసినా ఆ డబ్బు రాదు. అప్పుడు వెల్ఫేర్ ఆఫీసుకు వెళ్లి దాన్ని సరిచేయించుకునే వీలుందేమో చూడాలి. చాలామంది తల్లిదండ్రులు ఈ తేడా తెలియక, రిజెక్టయిన దరఖాస్తు కోసం ఏళ్లు ఎదురుచూస్తారు. ఇంకొందరు మంజూరైన డబ్బును తామే అప్పు తెచ్చి కట్టేస్తారు. రెండూ బాధాకరమే.

ఇక్కడి నుంచి మంజూరైంది, డబ్బు రాలేదు అనే అనుకొని చెబుతాను. మీ ఉత్తరాన్ని బట్టి అదే అనిపిస్తోంది.

కాలేజీకి సర్టిఫికెట్లు ఆపే హక్కు లేదు. ఇది నా అభిప్రాయంగా చెప్పడం లేదు. 2018 అక్టోబరులో యూజీసీ, అంటే యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ రోజు ఒరిజినల్స్‌ను విద్యార్థి ఎదుటే పరిశీలించి, జిరాక్స్ కాపీలు ఉంచుకొని, ఒరిజినల్స్ వెంటనే తిరిగి ఇచ్చేయాలని అందులో ఉంది. మీ పాప టెన్త్ మెమో, ఇంటర్ మెమో కూడా నాలుగేళ్లుగా కాలేజీ బీరువాలోనే ఉన్నాయనుకుంటాను. అవి అక్కడ ఉండటమే ఆ నోటిఫికేషన్‌కు విరుద్ధం. తర్వాత 2023 ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. ఏది ఫిర్యాదు కిందికి వస్తుందో చెప్పే చోటనే, విద్యార్థి చదవదలచుకోని కోర్సుకు ఫీజు కట్టించడానికి ఒత్తిడిగా, చేరేటప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్లు ఆపడాన్ని చేర్చారు. హైకోర్టులు కూడా పలు కేసుల్లో ఇదే మాట చెప్పాయి. చదువు సర్టిఫికెట్ తాకట్టు పెట్టుకునే వస్తువు కాదు. కాలేజీకి రావాల్సిన బాకీ నిజంగా ఉన్నా దాన్ని వసూలు చేసుకునే దారి వేరే ఉంది.

మీ ఆయన సంతకం పెట్టిన కాగితం గురించి భయపడుతున్నారు కదా. అలాంటి కాగితాలు చాలా కాలేజీల్లో తీసుకుంటున్నారు. 'రీయింబర్స్‌మెంట్ రాకపోతే మేమే కడతాం' అని ఉంటుంది. ఆ సంతకానికి విలువే లేదని నేను చెప్పను. దాన్ని పట్టుకొని కాలేజీ మీ మీద సివిల్ కేసు వేయొచ్చు. కోర్టులో ఆ డబ్బు సర్కారు ఇవ్వాల్సిందని మీరు వాదించుకోవచ్చు. కానీ ఆ కాగితం సర్టిఫికెట్లు దాచుకునే హక్కును కాలేజీకి ఇవ్వదు. డబ్బు గొడవ డబ్బు గొడవగానే తేలాలి, పిల్ల ఉద్యోగం మధ్యలోకి రాకూడదు. కాలేజీకి వెళ్లినప్పుడు ఆ కాగితం జిరాక్స్ ఒకటి అడగండి. సంతకం పెట్టినవాళ్ల దగ్గర కాపీ లేకపోవడం మంచిది కాదు.

ఇప్పుడు దరఖాస్తు. రాయాల్సింది మీ పాపే. ప్రిన్సిపాల్ పేరు మీద, తెలుగులోనైనా ఇంగ్లిషులోనైనా, ఒక్క పేజీ చాలు. ఇలా రాయమనండి: 'నేను ఫలానా హాల్‌టికెట్ నంబరు విద్యార్థిని. కోర్సు పూర్తి చేశాను. నా ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇవ్వాలని కోరుతున్నాను. 96,000 రూపాయలు కట్టాలని ఆఫీసులో నోటిమాటగా చెప్పారు. అందులో ఏ ఏడాదికి, ఏ పద్దు కింద ఎంతో రాతపూర్వకంగా ఇవ్వండి. మూడు, నాలుగు సంవత్సరాల రీయింబర్స్‌మెంట్ మంజూరైనట్టు ఈ-పాస్ కాపీ జత చేశాను. ఫలానా తేదీన ఉద్యోగంలో చేరాలి, ఆఫర్ లెటర్ కాపీ జత చేశాను. యూజీసీ 2018 నోటిఫికేషన్, 2023 ఫిర్యాదుల నిబంధనల ప్రకారం నా సర్టిఫికెట్లు ఏడు రోజుల్లో ఇప్పించగలరు.' రెండు కాపీలు తీయించండి. ఒకటి ఇన్‌వార్డులో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, రెండో దాని మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. 'తీసుకోం' అని వాళ్లంటే అక్కడ గొడవ పడొద్దు. బయటికి వచ్చి స్పీడ్ పోస్టులో పంపండి, అదే రోజు కాలేజీ ఈమెయిలుకూ పంపండి. పోస్టు రసీదు జాగ్రత్త.

ఈ ఒక్క కాగితంతోనే చాలా కాలేజీలు దిగొస్తాయి. ఆఫర్ లెటర్, తేదీ, నిబంధన పేరు మూడూ ఉన్న దరఖాస్తుకు 'డబ్బు కట్టేదాకా ఇవ్వం' అని సంతకం పెట్టి జవాబివ్వడానికి ఏ ప్రిన్సిపాలూ ఇష్టపడరు. అలా ఇచ్చినా మీకు మేలే, పైవాళ్లకు చూపించడానికి అదే సాక్ష్యం.

దాంతోపాటే కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి కూడా పంపాలి. ప్రతి కాలేజీలో ఈ కమిటీ ఉండాలని 2023 నిబంధనలు చెబుతాయి. అందులో ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఫిర్యాదు వచ్చిన 15 రోజుల్లో కాలేజీ దాన్ని కమిటీకి పంపాలి, కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి. తీర్పు నచ్చకపోతే 15 రోజుల్లోగా యూనివర్సిటీలోని అంబుడ్స్‌పర్సన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద ఇది బాగుంది. కానీ మీ లెక్కకు చూస్తే కమిటీ దగ్గరే ఐదు వారాలూ అయిపోతాయి. కాబట్టి కమిటీ ఒక్కదాన్నే నమ్ముకొని కూర్చోకూడదు. అక్కడ ఫిర్యాదు నమోదు చేసి, మిగతా చోట్లా అదే వారం తలుపు తట్టాలి.

ఎక్కడెక్కడంటే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. మీ జిల్లాలో కాదు, కాలేజీ ఉన్న జిల్లాలో వెళ్లండి. స్కాలర్‌షిప్ మంజూరు చేసేది ఆ జిల్లా బీసీ సంక్షేమ అధికారే. అర్జీలో రెండే రెండు కోరండి. సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీకి ఆదేశం, బాకీ 70,000 ప్రభుత్వం నుంచి రావాల్సిందేనని సంక్షేమ అధికారి సంతకంతో ఒక లెటర్. ఈ రెండోది చాలా పనికొస్తుంది. మంజూరు ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ అందులో ఉంటే కాలేజీ మిమ్మల్ని ఆ 70,000 అడగడానికి ఆధారం లేకుండా పోతుంది. అధికారి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మంజూరు తేదీ, బిల్లు ట్రెజరీకి పంపిన తేదీ, టోకెన్ నంబరు అడగాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. మీ తొందరకు అది ఆలస్యమే, అయినా పెట్టి ఉంచండి. యూజీసీకి ఈ-సమాధాన్ అని ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక ఉంది. పాప ఫోనులోనే నమోదు చేయగలదు.

ఈలోగా ఉద్యోగం జారిపోకుండా చూసుకోవాలి. పాపకు ఇది చెప్పండి. పిల్లలు కంపెనీకి ఈ సంగతి చెబితే ఉద్యోగం తీసేస్తారేమోనని భయపడి దాస్తారు. దాచకూడదు. ప్రతి ఏటా వందల మంది ఫ్రెషర్లను చేర్చుకునే హెచ్‌ఆర్‌లకు రీయింబర్స్‌మెంట్ బాకీల సంగతి కొత్త కాదు. ఇప్పుడే మెయిల్ రాయమనండి. సెమిస్టర్ల మార్కుల మెమోలు జత చేసి, ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయని, రాతపూర్వకంగా అడిగానని, ఫలానా తేదీలోగా సమర్పిస్తానని అండర్‌టేకింగ్ ఇస్తే చాలా కంపెనీలు గడువు ఇస్తాయి. 'ఈ విద్యార్థిని ఒరిజినల్స్ మా దగ్గర ఉన్నాయి' అని కాలేజీ ఇచ్చే కస్టోడియన్ సర్టిఫికెట్‌ను కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. అది అడిగితే కాలేజీ సాధారణంగా కాదనదు. డిజిలాకర్‌లో కూడా వెతకమనండి. యూనివర్సిటీ అప్‌లోడ్ చేసి ఉంటే అక్కడ దొరికే మెమో, ప్రొవిజనల్ ఒరిజినల్‌తో సమానమే. ఐటీ చట్టం కింద వచ్చిన డిజిటల్ లాకర్ నిబంధనలు ఆ మాట చెప్పాయి. పాప యూనివర్సిటీ పరీక్షల విభాగానికి కూడా ఒకసారి వెళ్లి రావాలి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో యూనివర్సిటీ ఇచ్చేవి. కాలేజీ వాటిని విద్యార్థికి అందించే చేయి మాత్రమే.

మూడో వారానికీ కదలిక లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. మీ పాప ఆడపిల్ల కాబట్టి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేకుండానే అర్హురాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. లాయరు నోటీసు ఒకటి వెళితేనే చాలాసార్లు పని అవుతుంది. కాకపోతే హైకోర్టులో రిట్, అంటే సర్టిఫికెట్లు ఇప్పించమని నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్. కోర్టు అనగానే ఏళ్లు పడుతుందని అనుకోకండి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర పడిందని చూపిస్తే ఇలాంటి వాటిలో మధ్యంతర ఆదేశాలు తొందరగానే అడగొచ్చు. మీ పాప స్నేహితుల్లో ఇదే బాధ పడుతున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లూ కలిస్తే ఇంకా మంచిది. ఒక్కరు వెళితే ఆఫీసులో కసురుకుంటారు, పదిమంది వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇవన్నీ చేసినా, గడువు ముంచుకొచ్చి కొంత డబ్బు కట్టక తప్పని పరిస్థితి వచ్చిందనుకోండి. ఉద్యోగం పోగొట్టుకోమని నేను చెప్పను. అప్పుడు కూడా మూడు రూపాయల వడ్డీ జోలికి పోకండి. మీరు మహిళా సంఘంలో ఉంటే సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ అప్పు, స్త్రీనిధి అప్పు రూపాయి వడ్డీ దరిదాపుల్లో దొరుకుతాయి. కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, ప్రైవేటు తాకట్టు దుకాణంలో కాదు. కాలేజీకి నగదు ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారా కట్టండి. రసీదు మీద 'రీయింబర్స్‌మెంట్ బదులుగా తీసుకున్నది, ప్రభుత్వం నుంచి రాగానే తిరిగి ఇస్తాం' అని రాయించుకోవాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే రేపు సర్కారు డబ్బు కాలేజీ ఖాతాలో పడినా మీకు తిరిగి రాదు. ఒకే ఫీజు రెండుసార్లు వసూలైన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

కాలేజీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లూ ఉత్తినే ఇలా చేయడం లేదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు బకాయిలు విడుదల చేయాలని బంద్ చేశాయి. నెలల తరబడి జీతాలు అందని లెక్చరర్లు ఉన్నారు. చిన్న కాలేజీకి సర్కారు ఫీజే ప్రధాన ఆదాయం, అది రెండేళ్లు ఆగితే కరెంటు బిల్లు కట్టడం కూడా కష్టమే. ఇది నేను కాదనను. అయినా ఆ బరువును మోయాల్సింది రెండెకరాల పత్తి చేను కాదు. బాకీ పడినవాడు సచివాలయంలో ఉంటే, వసూలు పల్లెలో చేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ ఆయన అడిగిన ప్రశ్నకు వస్తాను. అది న్యాయమైన ప్రశ్న. చదువుకు సర్కారు సాయం అనేది ఈ దేశంలో నిన్న మొన్న పుట్టింది కాదు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు) విస్తరించింది. అంతకు ముందు ఇంజినీరింగ్ అంటే మీలాంటి ఇళ్లలో మాట్లాడుకునే మాట కాదు. ఇవాళ మీ పాప చేతిలో ఆఫర్ లెటర్ ఉందంటే అందులో తన కష్టం, మీ చెమటతో పాటు ఆ పథకం పాత్రా ఉంది. మొదటి రెండేళ్ల డబ్బు వచ్చింది కాబట్టే చదువు ఆగకుండా సాగింది. కాబట్టి పథకం మోసం అని నేను అనను. పథకం మంచిది, చెల్లింపు చెడ్డది.

చెల్లింపు ఎందుకు చెడిందంటే, జీతాల్లా, పింఛన్లలా దీనికి నెల తేదీ లేదు. బడ్జెట్‌లో అంకె పెడతారు, బిల్లు ట్రెజరీకి వెళుతుంది, టోకెన్ పడుతుంది, ఖజానాలో డబ్బు ఉన్నప్పుడు విడుదల చేస్తారు. ఒక ఏడాది బాకీ తర్వాతి ఏడాది మీద పడుతుంది, కొత్తగా పెట్టిన అంకె పాత బాకీకే సరిపోతుంది. ప్రభుత్వాలు మారినా ఇది మారలేదు. డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నదాని మీదే ఎక్కువ చర్చ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో విద్యా దీవెన పథకం తెచ్చి, తర్వాత తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 60 శాతం తానే భరిస్తానని 2020 డిసెంబరులో కేంద్రం నిర్ణయించింది. తన వాటాను విద్యార్థి ఖాతాలోనే వేస్తోంది. ఏ ఖాతా అయినా, ఆలస్యంగా పడితే కాలేజీ గుమస్తా ముందు నిలబడేది విద్యార్థే. మా పాఠకుల్లో విద్యార్థి సంఘాల వాళ్లు, ప్రజాప్రతినిధులు ఉంటే ఇది ఆలోచించాలి. విద్యా సంవత్సరంలో ఫలానా నెలలోగా విడుదల చేయకపోతే ఆ బాకీకి ప్రభుత్వమే పూచీ అని, విద్యార్థి నుంచి వసూలు చేయడం నేరమని ఒక జీవో తెమ్మని అడగాలి. పథకానికి ఎవరి పేరు పెట్టాలన్నదాని కంటే ఇది ముఖ్యం.

ఇక చిన్నోడు. ఎనిమిదో తరగతిలో ఉన్నాడు, జెడ్పీ స్కూల్లో ఉన్నాడు. సరిగ్గా ఈ ఏడాదే వాడికి ఒక అవకాశం ఉంది. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలో మాత్రమే రాయాలి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. హాస్టల్‌తో కూడిన గురుకులాల పిల్లలకు లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000. తెలంగాణ కోటా 2,921 మంది. ఆలోచనాశక్తి మీద 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు, సైన్స్, సోషల్ మీద 90 ప్రశ్నలు ఉంటాయి. దరఖాస్తు హెడ్మాస్టరు ద్వారా వెళుతుంది. రేపే మీ ఆయనను బడికి పంపి, ఈ ఏడాది నోటిఫికేషన్ వచ్చిందా, మా వాడి పేరు రాశారా అని అడగమనండి. వాడి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయించండి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కొత్తగా నమోదు చేయాలి, తర్వాత ఏటా రెన్యువల్ చేయాలి. పరీక్ష పాసై కూడా ఈ రెన్యువల్ మరిచిపోయి డబ్బు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాడు టెన్త్ అయ్యాక బాసర ఆర్జీయూకేటీ (బాసర ట్రిపుల్ ఐటీ) ఉంది. అక్కడ సీట్లిచ్చేటప్పుడు ప్రభుత్వ బడుల పిల్లల టెన్త్ స్కోరుకు అదనంగా కొంత కలుపుతారు. జెడ్పీ బడిలో చదవడం వాడికి లోటు కాదు, అక్కడ అదే బలం. మంచి బడి అని అప్పు చేసి తొమ్మిదిలో ప్రైవేటుకు మార్చే ఆలోచన ఉంటే ఈ రెండూ పోతాయని గుర్తుంచుకోండి.

ఇంట్లో ఒక ఫైలు పెట్టుకోండి. పాప రసీదులు, ఈ-పాస్ ప్రింట్లు, స్టాంపు వేసిన దరఖాస్తు కాపీ, పోస్టు రసీదు అన్నీ అందులో తేదీల వారీగా ఉంచండి. చిన్నోడి కాగితాలు కూడా ఇప్పటి నుంచే అలా పెట్టడం మొదలుపెట్టండి.

ఈ వారంలో ముందు ఈ-పాస్ స్టేటస్ చూడండి, తర్వాత ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు, కంపెనీకి మెయిల్. సోమవారం ప్రజావాణి. కాలేజీ నుంచి ఏదైనా జవాబు కాగితం వస్తే పేర్లు, నంబర్లు కొట్టేసి నాకు పంపండి. దానికి ఏం రాయాలో చెబుతాను.